నిప్పు ముందర నాయకుడు

విజయవాడ నుండి కాజీపేటకు పోయే రైలు మార్గంలో, ఖమ్మం జిల్లా దక్షిణపు అంచున ఎర్రుపాలెం అనే ఊరున్నది. జమలాపురం వేంకటేశ్వరస్వామి దర్శనానికి రైలులో వచ్చే యాత్రికులు దిగే స్టేషను అదే. నేను పుట్టి పెరిగిన ఊరు కూడా అదే. ఫాల్గుణం వెళ్లి చైత్రం ప్రవేశించే నాటికి అక్కడి కళ్లాలలో మిరపకాయలు ఎర్రగా పరచుకొని ఉంటవి. ఇళ్లలో పత్తి, దొడ్లలో గడ్డివాములు. ఉత్తరంగా ప్రయాణం చేసి భద్రాచలం అడవులు చేరితే అక్కడ ఇప్పచెట్ల కింద చీలమండ లోతున ఎండుటాకు. ఊరు గాని, అడవి గాని, ఆ రెండు మూడు నెలలు ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకొని ఉన్నట్లే ఉంటుంది.

అగ్నిమాపక దళంలో నేను నా ఆయుర్దాయంలో అధికభాగం గడిపినాను. దళంలో నాయకత్వమంటే ఏమిటి, అందులో చేరిన మనిషి ఎట్లా ఎదుగుతాడు అన్న విషయం మీతో ముచ్చటించవలెనని ఈ ప్రసంగం. ఇది ఉద్యోగులకు మాత్రమే సంబంధించిన విషయమని అనుకోవద్దు. ఎవరి ఇల్లు అంటుకున్నప్పుడు ఏ నాయకుడు వస్తాడన్నది ఇల్లు గలవారందరికీ సంబంధించిన ప్రశ్నే.

నాయకత్వాన్ని నేను మొదట చూసింది దళంలో కాదు, మా ఊళ్లోనే. అప్పటికి నాకు పదేళ్లుంటవి. ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం మా వీధిలో ఒక పూరిల్లు అంటుకున్నది. జనం పరుగెత్తుకొని వచ్చినారు. బావిలో నీళ్లున్నవి, బిందెలున్నవి, చేతులున్నవి. అయినా ఆ నీళ్లు సగం దారిలోనే ఒలికిపోతున్నవి. ఎవరికి తోచిన మాట వారు అరుస్తున్నారు. గాలికి రవ్వలు లేచి రెండవ ఇంటి కప్పు మీద పడినవి. అప్పుడు ఊళ్లోని తాపీమేస్త్రీ ఒకాయన ముందుకు వచ్చి, నీళ్లు మోసేవారిని వరుసగా నిలబెట్టి, బలమైన నలుగురిని వెంటబెట్టుకొని మూడవ ఇంటి కప్పు పీకించడం మొదలుపెట్టినాడు. ఆ ఇంటి యజమాని కర్ర పట్టుకొని మీదికి వచ్చినాడు.

“నా ఇంటికి ఇంకా నిప్పు అంటుకోలేదు గదా, ఎందుకురా పీకుతున్నావు?”

“అంటుకోలేదు గనుకనే పీకుతున్నాను, బాబాయ్. అంటుకున్న తరువాత పీకి ఏం లాభం?”

రెండిళ్లు కాలిపోయినవి. వీధి నిలిచింది. ఆ మేస్త్రీకి ఆ అధికారం ఎవరిచ్చినారని నేను చాలా కాలం ఆలోచించినాను. ఎవరూ ఇవ్వలేదు. ఆ వీధిలో సగం ఇళ్లకు గోడలు లేపింది ఆయన చేయి. ఏ వాసం ఎక్కడ ఆనుకొని ఉన్నదో, ఏ కప్పు ఎంత సులువుగా ఊడివస్తుందో ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసునని ఊరికీ తెలుసు. అందువల్లనే ఆయన మాటకు నలుగురు కదిలినారు. ఆ రోజు కనబడిన నాయకత్వం, ఆయన ఇరవై ఏళ్లుగా గోడలు కట్టుతూ సంపాదించుకున్నది.

చాలా ఏళ్ల తరువాత అగ్నిమాపక వృత్తి చరిత్ర చదివినప్పుడు మా మేస్త్రీ నాకు మళ్లీ జ్ఞాపకం వచ్చినాడు. స్కాట్లండు దేశంలోని ఎడింబరో నగరంలో 1824లో నగరపాలకుల ఆధ్వర్యాన ఒక అగ్నిమాపక దళం ఏర్పడింది. దానికి అధిపతిగా నియమితుడైన జేమ్స్ బ్రెయిడ్‌వుడ్‌కు అప్పటికి ఇరవై నాలుగేళ్లు. అతడు తన దళంలోకి కండబలం ఒక్కటే చూసి మనుషులను తీసుకోలేదు. కప్పులు వేసేవారిని, వడ్రంగులను, తాపీపనివారిని ఏరి తీసుకున్నాడు. కప్పు వేసినవానికి కప్పు మీద నడవడం భయం కాదు. గోడ కట్టినవానికి ఏ గోడ కూలుతుందో ముందే తెలుస్తుంది. ఊరు నిద్రలేవక ముందే, చీకటిలో, వారిచేత సాధన చేయించేవాడు. మంటలు పగటివేళ చూసి రావు గదా! 1830లో తన అనుభవమంతా ఒక గ్రంథంగా వ్రాసి ప్రకటించినాడు. 1833లో లండన్ దళానికి అధిపతి అయినాడు. 1861 జూన్ 22వ తేదీన లండన్‌లోని టూలీ వీధి గిడ్డంగులు తగలబడినప్పుడు, మంట దగ్గర తన మనుషుల యోగక్షేమాలు విచారిస్తూ తిరుగుతుండగా గోడ కూలి మీదపడి మరణించినాడు. అప్పటికి ముప్పై ఏడేళ్లుగా దళాధిపతిగా ఉన్నవాడు. అయినా మంటకు దూరంగా కుర్చీలో కూర్చొని ఉండలేదు.

ఇక మన దేశం మాట. ప్రతి సంవత్సరం ఏప్రిల్ 14వ తేదీన అగ్నిమాపక దళాలవారు ఛాతీ మీద చిన్న జెండా గుర్తు ధరించి, మరణించిన సహోద్యోగులను స్మరించుకొని, వారం రోజులు ప్రజలకు అగ్నిప్రమాదాల గురించి ప్రబోధం చేస్తారు. ఆ తేదీ వెనుక 1944 నాటి బొంబాయి ఓడరేవు విపత్తు ఉన్నది. అది యుద్ధకాలం. ఫోర్ట్ స్టైకిన్ అనే ఓడ సుమారు 1,400 టన్నుల ప్రేలుడు సామగ్రితో విక్టోరియా డాక్‌లో నిలిచి ఉన్నది. అదే ఓడలో వేలకొలదిగా పత్తి బేళ్లు కూడా ఉన్నవి. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో పొగ కనబడింది. దళం వచ్చింది. గొట్టాలు విప్పి నీళ్లు కొట్టడం మొదలుపెట్టినారు.

పత్తి స్వభావం మా ప్రాంతపు రైతులందరికీ తెలిసినదే. బేలు మీద నీళ్లు ఎన్ని పోసినా, లోపల నిప్పు దాగి కుములుతూనే ఉంటుంది. ఆరిందనుకొని ఇంటికి పోయిన తరువాత మళ్లీ లేస్తుంది. ఓడ లోపలి పత్తి కూడా అట్లాగే కాలుతూ పోయింది. ఒడ్డున అనేకమంది అధికారులున్నారు. ఓడ కప్తాను ఉన్నాడు, ఓడరేవు అధికారులున్నారు, ఆయుధశాఖ నిపుణుడున్నాడు, దళాధికారులున్నారు. ఓడను ముంచివేయవలెనా, సముద్రంలోకి లాగివేయవలెనా, ఇక్కడనే ఉంచి ఆర్పవలెనా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పి, అందరిచేతా ఆ పని చేయించగల ఒక్క గొంతు అక్కడ లేకపోయింది. రెండు గంటలు గడచిపోయినవి. సాయంత్రం నాలుగు గంటల ఆరు నిమిషాలకు మొదటి ప్రేలుడు, మరి అరగంటకు రెండవది. అరవై ఆరుగురు దళ సభ్యులు ప్రాణాలు విడిచినారు. గొట్టం పట్టుకొని తన స్థానంలో నిలబడినవాని ధైర్యంలో లోపం ఏమీ లేదు. ఆ ధైర్యాన్ని ఎక్కడ నిలపవలెనో, ఎప్పుడు వెనుకకు పిలవవలెనో నిర్ణయించడానికి ఏకైక నాయకత్వం కొరవడింది. మా వీధిలో పది మంది పది మాటలు అరిచినట్లే అక్కడ పది శాఖలు పది ఆలోచనలు చేసినవి. అందువల్లనే ఇప్పుడు ఏ దళానికైనా మొదట నేర్పే పాఠం ఇది: మంట దగ్గర ఆజ్ఞ ఇచ్చేవాడు ఒక్కడే ఉండవలె. అతడెవరో అందరికీ తెలిసి ఉండవలె.

అయితే ఆజ్ఞ ఇచ్చేవాడు ఒక్కడు ఉంటే చాలునా? చాలదు. దీనికి ఇంకొక దృష్టాంతం చెప్పుతాను. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో 1949 ఆగస్టు 5వ తేదీన మాన్ గల్చ్ అనే కొండలోయలో అడవి అంటుకున్నది. పదిహేను మంది దళ సభ్యులు విమానం నుండి గొడుగులతో దిగినారు. అక్కడి అటవీ రక్షకుడొకడు వారితో కలిసినాడు. మొత్తం పదహారు మంది. నాయకుడు వాగ్నర్ డాడ్జ్. లోయ అడుగున మంట ఇవతలి ఒడ్డుకు దాటి, ఎండుగడ్డి పట్టుకొని, వాలు మీదుగా వారి వెంటబడింది. నేల వాలుగా ఉంటే నిప్పు పైకి అతివేగంగా పోతుంది. జ్వాల వాలు మీదికి వంగి ముందున్న గడ్డిని తాను చేరక ముందే వేడెక్కించి ఎండగట్టుతుంది గనుక, కొండ ఎక్కే మనిషి దానితో పరుగుపందెం గెలవలేడు.

అప్పుడు డాడ్జ్ ఒక విచిత్రమైన పని చేసినాడు. అగ్గిపుల్ల గీసి తన ముందరి గడ్డికి తానే నిప్పు పెట్టినాడు. అది కాలిపోయిన నల్లని చోటులోకి వచ్చి పడుకోండని తనవారిని పిలిచినాడు. ఒకసారి కాలినచోట మళ్లీ నిప్పుకు మేత ఉండదు గదా! కాని ఒక్కరూ రాలేదు. నాయకునికి మతి పోయిందని అనుకొని కాబోలు, పైకి పరుగెత్తినారు. ఇద్దరు మాత్రం కొండ అంచున రాళ్ల సందు దొరికి బయటపడినారు. పదమూడుగురు మరణించినారు. డాడ్జ్ ఆ బూడిదలో బోర్ల పడుకొని బ్రతికినాడు.

ఆయన ఆజ్ఞ సరియైనదే. సమయానికే ఇచ్చినాడు. కాని వినేవారికి ఆ ఉపాయం ఎప్పుడూ నేర్పబడలేదు. ఆయనతో కలిసి పనిచేసిన అలవాటు కూడా వారికి చాలలేదు. తెలియని మనిషి చెప్పిన తెలియని మాటను, ప్రాణాల మీదికి వచ్చిన క్షణంలో, ఎవరు నమ్ముతారు? నమ్మకం మంట దగ్గర పుట్టదు. అది మైదానంలో, రోజువారీ సాధనలో, కలిసి తిన్న అన్నంలో పుట్టవలె. ఈ విపత్తు, ఇటువంటి మరికొన్ని విపత్తులు పరిశీలించిన మీదట, 1957లో ఆ దేశపు అటవీశాఖవారు అడవిమంటలు ఆర్పేవారికి పది ఆజ్ఞలు నిర్ణయించినారు. గాలిని, వాతావరణాన్ని కనిపెట్టి ఉండుమనీ, తప్పించుకొనే దారి ముందే చూసి అందరికీ చెప్పుమనీ, ఇచ్చిన ఆజ్ఞ అర్థమయిందో లేదో చూసుకొమ్మనీ వాటి సారాంశం.

మన భద్రాచలం అడవులకు కూడా ఈ పాఠం అక్కరకు వచ్చేదే. ఇప్పపువ్వు ఏరుకొనేందుకు చెట్టు కింద ఆకు కాల్చడం, తునికాకు కొత్తచిగురు కోసం పొదలకు నిప్పు పెట్టడం అక్కడ కద్దు. గాలి తిరిగితే ఆ చిన్న నిప్పే కొండ ఎక్కుతుంది. ఆకు ఊడ్చి బాట తీసి మంటను ఆపేవారు, పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పేవారు చాలావరకు ఆ గూడేలవారే. గాలి ఎటు మళ్లుతుందో, వాగు ఎక్కడున్నదో వారికి తెలిసినంతగా బయటినుండి వచ్చిన అధికారికి తెలియదు. కాబట్టి అక్కడి నాయకుడు ముందు అడిగి తెలుసుకొని, ఆ తరువాతనే ఆజ్ఞ ఇవ్వవలె.

అడిగి తెలుసుకోవడం ఎంత కష్టమో నా అనుభవం ఒకటి చెప్పి తీరవలె. నేను ఒక కేంద్రానికి అధికారిగా కొత్తగా నియమితుడనైన రోజులు. పరీక్షలు పాసైనాను, భుజం మీద కొత్త గుర్తులు వచ్చినవి, పుస్తకం అంతా కంఠస్థం. ఒక పత్తి గిడ్డంగి అంటుకున్నది. పెంకుల కప్పు, పాతకాలపు దూలాలు. మంట తగ్గింది గాని లోపల పొగ కమ్ముకొని ఉన్నది. పెంకులు తీసి పొగకు దారి చేయవలెనని ఇద్దరిని కప్పు ఎక్కమన్నాను. వీధిలో జనం గుమికూడి చూస్తున్నారు. ఒకడు నిచ్చెన మీద కాలు పెట్టినాడు. నాకంటె పదిహేనేళ్లు పెద్దవాడైన లీడింగ్ ఫైర్‌మన్ నా పక్కకు వచ్చి మెల్లగా, “అయ్యా, ఒక్క నిమిషం. ఆ దూలం కొస చూడండి” అన్నాడు.

నిజం చెప్పవలెనంటే నాకు కోపం వచ్చింది. నలుగురిలో నా మాటకు అడ్డు చెప్పినాడనిపించింది. ఆజ్ఞను మళ్లీ గట్టిగా చెప్పడానికి నోరు తెరిచినాను. ఎందువల్లనో ముందు దూలం వైపు చూసినాను. దాని కొస గోడలోని గూటి నుండి జానెడు జారి ఉన్నది. గోడ కడుపు ఉబ్బినట్లు బయటికి వచ్చి ఉన్నది. నిచ్చెన దింపించి అందరినీ వెనుకకు పిలిచినాను. పది నిమిషాలు గడవక ముందే కప్పు మొత్తం లోపలికి కూలింది.

ఆ రాత్రి కేంద్రానికి తిరిగి వచ్చిన తరువాత ఆయనను పిలిచి కృతజ్ఞత చెప్పినాను. అప్పుడాయన అన్న మాట నాకు నిద్రపట్టనియ్యలేదు. “లోగడ ఒకచోట ఇట్లాగే చెప్పి చీవాట్లు తిన్నానయ్యా. ఇవాళ చెప్పనా, మాననా అని తటపటాయించినాను.”

ఆ తటపటాయింపు ఇంకొక్క నిమిషం సాగి ఉంటే ఇద్దరు బిడ్డల తల్లులకు నేనేం సమాధానం చెప్పి ఉండేవాడిని? మర్నాడు ఉదయం హాజరు పిలిచిన తరువాత అందరి ఎదుట, నిన్న నేనిచ్చిన ఆజ్ఞ తప్పు అని చెప్పినాను. ఆ ఒక్క వాక్యం పలకడానికి నేను పడిన అవస్థ ఏ మంట దగ్గరా పడలేదు. కాని ఆనాటినుండి మా కేంద్రంలో ఎవరికి ఏ ప్రమాదం కంటబడినా నాకు చెప్పడానికి జంకలేదు. ప్రతి ప్రమాదం తరువాత అందరం కూర్చొని ఏం చేసినాము, ఏం చేయకపోతిమి అని మాట్లాడుకోవడం ఆచారమైంది. అట్లా మాట్లాడే వేళ హోదా లేదు. మంట దగ్గర మాత్రం ఆజ్ఞ ఒక్కటే.

ఇప్పుడు ఎదుగుదల మాట. ఫైర్‌మన్‌గా చేరిన యువకుడు లీడింగ్ ఫైర్‌మన్ కావచ్చు, స్టేషన్ అధికారి కావచ్చు, ఇంకా పైకి జిల్లా అధికారి కావచ్చు. మెట్లు ఎక్కడానికి శిక్షణ మార్గాలున్నవి. 1956లో ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో ప్రారంభమై, 1957లో నాగపూర్‌కు తరలిన జాతీయ అగ్నిమాపక కళాశాల దేశం నలుమూలలనుండి వచ్చిన అధికారులకు విద్య గరపుతున్నది. తెలంగాణ దళంలోకి కొత్తగా చేరేవారికి హైదరాబాదు దగ్గర వట్టినాగులపల్లిలో శిక్షణాలయం ఉన్నది. ఈ విద్య ఎందుకు అవసరమో గోదావరి జిల్లాలవారికి వేరే చెప్పనక్కరలేదు. 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడిలో చమురుబావి నుండి గ్యాసు ఎగదన్ని అంటుకున్న మంట 65 రోజులు కాలింది. అటువంటి మంట కేవలం నీళ్లకూ, తెగువకూ లొంగేది కాదు. దానికి ప్రత్యేక విద్య కావలసి వచ్చింది. పూరిళ్లు తగ్గి మేడలు లేచినవి. గిడ్డంగులలో రసాయనాలు, వీధులలో విద్యుత్ బండ్లు వచ్చినవి. నిప్పు తన విద్య మార్చుకుంటున్నది. ఆర్పేవాడు పాత పాఠం దగ్గరనే ఆగిపోరాదు.

కాని మెట్టు ఎక్కడం వేరు, ఎదగడం వేరు. ఫైర్‌మన్‌గా ఉన్నప్పుడు తన గొట్టం, తన జతగాడు, ఈ రెండూ మరువకపోతే చాలు. లీడింగ్ ఫైర్‌మన్ అయిన తరువాత లోపలికి ఎందరు పోయినారు, ఎందరు తిరిగి వచ్చినారు అన్న లెక్క తన ఊపిరి లెక్క కావలె. స్టేషన్ అధికారికి ఆ ఊరి ఇరుకు సందులు, నీళ్లు దొరికే చెరువులు, తాళం వేసి ఉండే గేట్లు అన్నీ ప్రమాదం రాకముందే తెలిసి ఉండవలె. ఇంకా పైకి పోయినవాడు మంట దగ్గరికి తాను పోవడం తగ్గుతుంది. అప్పుడతని పని తన తరువాతివారిని తయారుచేయడం. ఒక్కొక్క మెట్టు ఎక్కినకొద్దీ చేతిలోని గొట్టం చిన్నదై చెవి పెద్దది కావలె. ఏళ్లు గడిచినవి గనుక పైకి వచ్చినాను అనుకొనేవానికి హోదా పెరుగుతుంది. తన కింది మనిషి చెప్పిన నిజాన్ని విని తట్టుకోగలిగినవాడు మాత్రమే నాయకుడవుతాడు.

చివరగా, ఇళ్లలో కూర్చొని వింటున్న మీకు ఒకటి రెండు మాటలు. పల్లెలకు ఫైరింజను దగ్గరి పట్టణం నుండి రావలసి ఉంటుంది. 101 నెంబరుకు ఫోను చేసినప్పుడు ఊరు పేరు, దారి గుర్తు, ఏమి కాలుతున్నదో స్పష్టంగా చెప్పండి. ఒక మనిషిని రోడ్డు మీద నిలబెట్టి బండికి దారి చూపించండి. మిరపకాయలు కాలుతుంటే గాలికి ఎదురుగా నిలబడవద్దు, ఆ పొగలో ఊపిరాడదు. బండి వచ్చేలోగా పది మంది పది మాటలు అరవకుండా, తెలిసినవాడొకనిని ముందు నిలబెట్టి ఆయన మాట వినండి. దళం వచ్చిన తరువాత ఆ ఇంటి సంగతి మీకు తెలిసినది దళనాయకునికి చెప్పండి. గ్యాసు బండ ఎక్కడున్నది, లోపల ముసలివారెవరైనా ఉన్నారా, వెనుక వాకిలి ఉన్నదా, ఇవన్నీ మీరు చెప్పితేనే ఆయనకు తెలుస్తవి.

మా తాపీమేస్త్రీ ఇప్పుడు లేడు. ఆ వీధిలో పూరిళ్లు కూడా లేవు. ఆయన కప్పు పీకించిన ఇంటి యజమాని ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు. ఆ మరుసటి ఏడు తన కొడుక్కు ఇల్లు కట్టవలసి వచ్చినప్పుడు ముందుగా ఆయన ఇంటికే పోయినాడు.